ఏం కాదులే అనని రోజు

"ఉదయా! తలుపు తియ్యమ్మా. ఒక్కసారి మొహం చూపించు, మళ్ళీ వేసుకుందువుగాని."



రాజ్యం తలుపుకి చెవి ఆనించింది. ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు సన్నగా వినబడింది. తెల్లారకముందే లేచి దేవుడి గదిలో ధ్యానానికి కూర్చున్న కోడలు, పది దాటినా గడియ తీయలేదు. పొయ్యి మీద పాలు రెండుసార్లు కాగి చల్లారాయి.

రాజ్యం చంకలో ఏడాదిన్నర మనవరాలు లక్ష్మీదుర్గ. ఇడ్లీ సగం తిని, సగం నానమ్మ పైటకి పూసి, ఇప్పుడు బుల్లి అరచేత్తో తలుపు మీద కొడుతోంది. "అమ్మా... అమ్మా..."

ఆ కొట్టుడుకి లోపల ఊపిరి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

కోటేష్ చేలోంచి వచ్చాడు. మిరపకాయ కోతకి ముప్పైమంది కూలీలు దిగారు. మంచినీళ్ళ డ్రమ్ము కోసం ఇంటికొచ్చినవాడు, తల్లి తలుపు దగ్గర నిలబడి ఉండటం చూసి ఆగాడు.

"ఇంకా లేవలేదా అమ్మా?"

"లేవలేదురా. నీళ్ళన్నా తాగలేదు."

"పోనీ, కూర్చోనీ. పొద్దస్తమానం పంపు కింద చేతులు పెట్టుకుని నిలబడే దానికంటే నయంగా? ఆ పగిలిపోయిన చేతులు చూడలేక చచ్చేవాణ్ణి. ఇప్పుడు చక్కగా కళ్ళు మూసుకుని దేవుడి ముందు కూర్చుంటోంది."

"చక్కగానా? చంటిపిల్ల ఏడుస్తుంటే కూడా లేవకుండానా?"

"నాతో అంటావేంటి? ధ్యానం నేర్పించింది నువ్వేగా!"

రాజ్యం పాపని ఇంకో చంకకి మార్చుకుంది.

నిజమే. నేర్పించింది తనే. ఆరేళ్ళ కిందట భర్త వెంకయ్య పోయాక తనకి కంటిమీద కునుకు లేకుండా పోతే, ఊళ్ళో ధ్యాన మందిరం నడిపే చెంచమ్మ టీచరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. నెల తిరక్కముందే నిద్ర వచ్చింది. ఆ మేలు రాజ్యం ఎన్నడూ మరిచిపోలేదు.

అందుకే, మొన్న దసరా వెళ్ళాక కొట్టంలో దూడ పురుగుమందు డబ్బా నాకి, చూస్తుండగానే కాళ్ళు తన్నుకుని చచ్చిపోయినప్పుడు, ఆ రోజునుంచి ఉదయశ్రీకి తన చేతులకీ ఆ మందు అంటుకుందన్న భయం పట్టుకున్నప్పుడు, రాజ్యానికి మొదట తట్టింది ధ్యానమే. చేతులు కడిగి కడిగి తోలు ఊడిపోయింది. కన్నకూతుర్ని ముట్టుకుంటే దానికేమవుతుందోనని ఎత్తుకోవడం మానేసింది. రాజ్యం కోడల్ని మందిరానికి తీసుకెళ్ళింది. పదిహేను రోజుల్లో సబ్బుల ఖర్చు సగానికి పడింది. రాజ్యం ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.



కోటేష్ చూపు దించుకున్నాడు. "ఏదో నోరు జారింది లేమ్మా," అని గొణిగి, పాపకోసం చేతులు చాపాడు.

రాజ్యం పాపని వాడికిచ్చి, తలుపు ముందే నేలమీద చతికిలబడింది. గొంతు తగ్గించింది.

"ఉదయా, ఇంతసేపూ ఏం చేస్తున్నావు తల్లీ?"

లోపలినుంచి పీలగా వినబడింది.

"లెక్క ఎనభై ఏడు దాకా వచ్చిందత్తయ్యా. మీరు పిలిచారు. పోయింది."

వెంటనే వెక్కిళ్ళు.

గడియ తీసిన చప్పుడయింది. ఉదయశ్రీ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. కళ్ళకింద నల్లటి చారలు, తిమ్మిరెక్కిన కాళ్ళు. రాజ్యం పట్టుకోబోతే చప్పున చేతులు వెనక్కి దాచుకుంది.

"చెంచమ్మ టీచరు ఊపిరి చూసుకోమన్నారు, అంతే. లెక్క నేను పెట్టుకున్నదే. వంద. మధ్యలో చెడ్డ ఆలోచన రాకుండా వంద పూర్తయితే, ఆ రోజు దుర్గని ఎత్తుకోవచ్చనుకున్నాను. యాభై దగ్గర దూడ కనబడుతుంది. మళ్ళీ ఒకటి. డెబ్భై దగ్గర దుర్గ నోట్లోంచి నురగ వచ్చినట్టు కనబడుతుంది. మళ్ళీ ఒకటి. చెడిపోయిన లెక్కతో లేస్తే నిజంగా అలాగే అవుతుందేమోనని లేవలేను."

"ఎన్నాళ్ళనుంచే ఇది?"

"రెండు నెలలు."

"ఒక్కరోజన్నా వంద పూర్తయిందా?"

ఉదయశ్రీ తల అడ్డంగా ఊపింది.

రాజ్యానికి అప్పుడు అర్థమయింది. కడగడం మానలేదు ఈ పిల్ల. చేతులు కడగడం తగ్గించి, తలకాయ కడుక్కోవడం మొదలెట్టింది. దానికి నీళ్ళ చప్పుడు ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"చీర మార్చుకో. గుంటూరు పోదాం," అంది లేస్తూ.

"ఎక్కడికి? పిచ్చి డాక్టరు దగ్గరికా?" కోటేష్ ఉలిక్కిపడ్డాడు. "ఊళ్ళో వాళ్ళకి తెలిస్తే ఏమంటారో ఆలోచించావా?"

"కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి పోమా? ఊరి సంగతి నాకొదిలెయ్. నువ్వు కాయ కోయించుకుంటూ పిల్లని చూసుకో."

వాడు ఇంకేదో అనబోయి, పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు. లోపలికెళ్ళి గ్లాసెడు పాలలో పంచదార కలిపి తెచ్చాడు. ఆమె తన చేతుల్తో పట్టుకోవడానికి జంకుతుంటే, తనే పట్టుకుని తాగించాడు.

*

డాక్టరు మొహిద్దీన్ బాషా గారికి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, రాజ్యం వైపు చూడకుండా ఉదయశ్రీనే అడిగాడు. ఆమె ఆగి ఆగి చెప్పింది. ఆయన ఎక్కడా తొందరపెట్టలేదు.

"దీన్ని ఓసీడీ అంటారమ్మా. నువ్వు చెడ్డ తల్లివి కాదు. నీకు మతి పోలేదు. ఇదొక జబ్బు. చాలామందికి ఉంటుంది, చెప్పుకోరు."

ఉదయశ్రీ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. రాజ్యం ఉండబట్టలేకపోయింది.

"డాక్టరు గారూ, నాకొక్క మాట చెప్పండి. ధ్యానం మంచిదా, చెడ్డదా? నేనే తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. తప్పు నాదే అయితే నాదేనని చెప్పేయండి, పడతాను."

ఆయన నవ్వాడు. "మీకు నిద్ర తెచ్చింది కదా, మీకు మంచిదే. ఈ జబ్బున్నవాళ్ళలో కూడా కొందరికి మందులతో పాటు, మేం చెప్పే సాధనతో పాటు చేస్తే కొంత సాయం చేస్తుంది. నేనూ ఒక్కోసారి చెయ్యమంటాను. కాని అదొక్కటే జబ్బుని పోగొడుతుందని చెప్పలేనమ్మా. పైగా ఈ జబ్బుది దొంగబుద్ధి. సబ్బు దొరికితే సబ్బు వాడుకుంటుంది. జపం దొరికితే జపం. మీ కోడలి దగ్గర ఊపిరిని వాడుకుంది."

"మరి నాకెందుకు వాడుకోలేదండీ?"

"మీరు ఊరికే కూర్చున్నారు. ఈ అమ్మాయి ఆలోచనల్ని తరమడానికి కూర్చుంది. ఆలోచనని తరిమితే మళ్ళీ వస్తుంది, తరమాలి, మళ్ళీ వస్తుంది. దానికి అంతెక్కడ?" ఆయన ఉదయశ్రీ వైపు తిరిగాడు. "దూడ కనబడితే కనబడనీ అమ్మా. భయం వేస్తే వెయ్యనీ. కడక్కుండా, లెక్కపెట్టకుండా నీ పని నువ్వు చేసుకుంటూ ఉండు. భయం కొంతసేపు ఎగిరెగిరి, దానంతటదే దిగుతుంది. అది దిగడం నువ్వు నీ కళ్ళతో చూడాలి. పది చూడు, ఇరవై చూడు. చికిత్సలో పెద్ద ముక్క అదే."

మందు రాశాడు. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. వారానికోసారి వచ్చి, పక్కగదిలో కూర్చునే సైకాలజిస్టు అమ్మాయితో సాధన చెయ్యమన్నాడు. కాగితంమీద తక్కువ భయంనుంచి ఎక్కువ భయానికి మెట్లు గీయించాడు. మొదటి మెట్టు కోటేష్ చేలో పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకునే చొక్కా. ఉతికి ఆరేసిందే. దాన్ని మడత పెట్టి, గంటసేపు చేతులు కడక్కూడదు. పాపని ఎత్తుకోవడం ఎక్కడో పైమెట్టు.

"ఇంకో సంగతి," అన్నాడు రాజ్యంతో. "మిమ్మల్ని 'ఏం కాదుగా' అని అడుగుతూ ఉంటుందా?"

"అడుగుతుందండి."

"రోజుకెన్నిసార్లు?"

"లెక్కెట్టలేదండి. యాభయ్యో అరవయ్యో. అడిగినప్పుడల్లా ఏం కాదులే తల్లీ అంటాను."

"ఇకనుంచి అనకండి."

రాజ్యం అర్థం కానట్టు చూసింది. "అదేంటండీ! భయపడి అడుగుతుంటే మూగమొద్దులా కూర్చోనా? నా కడుపున పుట్టకపోయినా నా బిడ్డే అది."

"మీ మాటా ఆ జబ్బుకి సబ్బు లాంటిదేనమ్మా. ఐదు నిమిషాలు పనిచేస్తుంది. మళ్ళీ కావాలి. పక్కన కూర్చోండి. భయంగా ఉందని నాకు తెలుసు, నేనిక్కడే ఉన్నానని చెప్పండి. ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వకండి." ఆయన ఉదయశ్రీని అడిగాడు. "నువ్వు ఒప్పుకుంటేనే. ఏమంటావు?"

ఆమె కొంగు చివర నలుపుతూ ఆలోచించింది.

"ఇప్పుడు ఒప్పుకుంటాను సార్. అడిగేటప్పుడు మాత్రం ఒప్పుకోను."

ఆయన పకపకా నవ్వేశాడు. ఉదయశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందోనని రాజ్యం లెక్కపెట్టుకోబోయి, లెక్కలంటేనే భయమేసి మానుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం వసారాలో మంచం మీద చొక్కా పరిచి ఉంది. రాజ్యం పక్కనే నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పాప ఊయల్లో నిద్రపోతోంది. అన్నానికొచ్చిన కోటేష్ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

ఉదయశ్రీ చొక్కా కాలరు రెండు వేళ్ళతో పట్టుకుంది. వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. చొక్కా చేతులు కలిపింది, అడ్డంగా మడిచింది, నిలువుగా మడిచింది. నిప్పులమీంచి తీసినట్టు చేతులు వెనక్కి లాక్కుంది.

"అయిపోయింది," అంది కోటేష్ వైపు చూసి. వాడు చప్పట్లు కొట్టబోయి, పాప లేస్తుందని ఆగిపోయాడు.

ఐదు నిమిషాలు గడిచాయి.

"అత్తయ్యా, ఏం కాదుగా?"

మాట రాజ్యం నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది. బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలా నిటారుగా కూర్చుని, "నీకు భయంగా ఉందని నాకు తెలుసమ్మా. నేనిక్కడే ఉన్నాను," అంది.

"అది కాదు, ఏం కాదని చెప్పండి."

రాజ్యం గింజ తీసింది. ఇంకో గింజ తీసింది.

"దుర్గ బట్టలు మడిచేదీ ఈ చేతులతోనేగా? రేపు ఆ బట్టలు దానికి తొడిగితే? చెప్పండత్తయ్యా. ఒక్కసారే. ఇంక అడగను."

రాజ్యం చింతపండు ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుంది.

"మీకు కూతురు లేని లోటు తీరిందని అందరితో చెబుతారు. కూతురైతే ఇలాగే కూర్చుంటారా? ఒక్క మాట! ఒక్క మాటకి మీ సొమ్మేం పోతుంది?"

నాలుగేళ్ళ కాపురంలో కోడలు గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. రాజ్యం కళ్ళు మసకబారాయి. అయినా తల ఎత్తలేదు. ఎత్తితే నోరు విప్పుతుందని తెలుసు.

"చెప్పమ్మా!" కోటేష్ ఉండలేకపోయాడు. "ఏడుస్తోంది, కనబట్లా నీకు? ఆ డాక్టరుకేం, చెప్పి ఊరుకుంటాడు. పడేది మనం!"

"నువ్వు నోరు మూసుకోరా."

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. ఉదయా, ఏం కా..."

మాట పూర్తికాలేదు. రాజ్యం ఎప్పుడు లేచిందో, చింతపండు చేత్తోనే కొడుకు నోరు మూసేసింది. అరవై ఏళ్ళ మనిషి, ఆరడుగుల కొడుకుని గుమ్మానికేసి అదిమి పట్టుకుంది. వాడు కళ్ళు పెద్దవి చేసి "ఉమ్... ఉమ్..." అంటున్నాడు. చెయ్యి తీసేసరికి మీసాలనిండా చింతపండు.

ఉదయశ్రీ వాణ్ణి చూసింది. ఏడుపు మధ్యలో ఫక్కుమంది. వాడు మూతి నాక్కుని, "పులుపు," అన్నాడు. దాంతో ముగ్గురికీ నవ్వు ఆగలేదు. ఊయల్లో పాప కదిలి, మళ్ళీ పడుకుంది.

నవ్వు తగ్గాక కోటేష్ అన్నం సంగతి మరిచిపోయి మంచం కోడు దగ్గర కూర్చున్నాడు. రాజ్యం కోడలి భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఆ పిల్ల వణుకు తన ఒంట్లోకి తెలుస్తోంది. చాలాసేపటికి అది సన్నబడింది.

గంట అయింది.

"ఇంకా భయంగానే ఉందత్తయ్యా," అంది ఉదయశ్రీ నెమ్మదిగా. "కాని ఇందాకటంత లేదు."

*

అలా ఎనిమిది రోజులు గడిచాయి. చొక్కా తర్వాత పురుగుమందు సామాను పెట్టే గది గొళ్ళెం. తర్వాత కోటేష్ చేలోకి తొడుక్కెళ్ళే చెప్పులు. ఒకరోజు ఎక్కిన మెట్టు మర్నాడు జారింది. శుక్రవారం నాడు ఉదయశ్రీ గంటన్నరసేపు పంపు దగ్గరే ఉండిపోయింది. అత్తతో సాయంత్రందాకా మాట్లాడలేదు. శనివారం తనే వచ్చి, "ఈరోజు గొళ్ళెం మళ్ళీ మొదట్నుంచి చేస్తాను," అంది.

అడగడం మాత్రం తగ్గింది. తగ్గేకొద్దీ రాజ్యానికే కష్టమయింది. నోట్లో ఊరిన మాట ఎక్కడ వెళ్ళగక్కాలో తెలియక, గేదెకి గడ్డి వేసే వంకతో కొట్టంలోకి వెళ్ళి దాని మెడ నిమురుతూ, "ఏం కాదులే తల్లీ, ఏం కాదులే," అనేది. గేదె చెవులు టపటపా కొట్టుకునేది. ఒకరోజు కోటేష్ అది విని, ఏమీ విననట్టు వెనక్కి వెళ్ళిపోయాడు.

ధ్యాన మందిరంలో చెంచమ్మ టీచరు అడిగింది. "మీ కోడలు రావట్లేదేం రాజ్యం? నేను గాని ఏమన్నా తప్పు చెప్పానా?"

"మీరేం చేశారు టీచర్ గారూ! ఊపిరి చూసుకోమన్నారు, అది లెక్కపెట్టుకుంది. దాని జబ్బు సంగతి మనిద్దరికీ తెలియలేదు. లెక్క లేకుండా కూర్చోవడం వచ్చాక డాక్టరు గారే చెబుతానన్నారు. అప్పుడు తీసుకొస్తాను."

ఆ రోజు రాజ్యం కళ్ళు మూసుకుంటే నిద్రా రాలేదు, శాంతీ రాలేదు. నిజంగా పాపకేదైనా అయితే అన్న ఆలోచన వచ్చి ఎదురుగా కూర్చుంది. తరమబోయి ఆగింది. ఇన్నాళ్ళూ నా కోడలి పక్కన కూర్చున్నది ఇదేనా అనుకుంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, ఇంటికొచ్చి కూర తరిగింది.

తొమ్మిదోనాడు సాయంత్రం, ఎండ వాలుతున్న వేళ. కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. కోటేష్ కూలీల్ని పంపించి గేటు వేస్తున్నాడు. ఊయల్లోంచి పాపని ఎత్తుకున్న రాజ్యం అక్కడే ఆగిపోయింది.

పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది.

నుదురు చూసింది, పొట్ట చూసింది. పెద్ద జ్వరమేం కాదు. పైపన్ను వస్తోంది, దాని వేడే అయి ఉంటుంది. రాత్రి చల్లగాలి తగిలి ఉంటుంది. ముగ్గురు మగపిల్లల్ని పెంచిన చేతులకి ఆ మాత్రం తెలుసు. కాని...

"అత్తయ్యా."

ఉదయశ్రీ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. కోటేష్ చొక్కాలు మడిచి లోపల పెట్టి వచ్చింది. చేతులు కడగలేదు. ఆ చేతులు ముందుకి చాచింది. పగుళ్ళు మానుతున్నాయి, కొత్తతోలు లేతగా ఉంది.

"దుర్గని ఇటివ్వండి."

రాజ్యం కదల్లేదు. కాగితంలో ఇది పైమెట్టు. ఎవరూ చెప్పకుండా ఆ పిల్ల తనంతట తను ఎక్కబోతోంది. నాలుగు నెలలైంది కూతుర్ని ఎత్తుకుని. ఇప్పుడే నిద్ర లేచింది, కాసేపాగి ఎత్తుకుందువుగాని అంటే సరిపోతుంది. కాని ఆ చేతులు ఒకసారి ముడుచుకుంటే మళ్ళీ ఎప్పుడు చాస్తుందో. ఏమీ చెప్పకుండా చేతికిస్తే, ఆ వేడి తనే కనిపెట్టి, అత్త దాచిందనుకుంటుంది. ఇంక దేన్నీ నమ్మదు.

గేటు దగ్గర కోటేష్ గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందమ్మా," అంది రాజ్యం. అని, పాపని కోడలి చేతుల్లో పెట్టింది.

లక్ష్మీదుర్గ ఒక్కసారి తల్లి మొహంలోకి చూసింది. కొత్తేమీ లేనట్టు మెడలో మొహం దూర్చి, జాకెట్టు అంచు గుప్పిట పట్టుకుంది.

ఉదయశ్రీ చెంపకి పిల్ల నుదురు తగిలింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు కదిలాయి. ఏ మాట రాబోతోందో రాజ్యానికి తెలుసు. చెప్పకూడని జవాబుని పళ్ళకింద బిగబట్టుకుని ఎదురుచూసింది.

ఆ మాట రాలేదు.

ఉదయశ్రీ అత్తని దాటి చూస్తోంది. పిల్లని ఇంకాస్త గట్టిగా హత్తుకుని, ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

చేతులు కడుక్కునే పంపూ అటే ఉంది. జ్వరం చూసే థర్మామీటరున్న గదీ అటే ఉంది.